బ్యాంకు చూపే గృహబీమా కొనదగినదేనా?

ఇల్లు కొనడానికో, కట్టుకోవడానికో ఒక కుటుంబం బ్యాంకు నుంచి అప్పు తీసుకుంటుంది. సంతకాలు చేయవలసిన కాగితాలు ఒక దస్త్రమంత ఉంటాయి. వాటి మధ్యలో ‘హోమ్ ఇన్సూరెన్స్’ అనే కాగితం కూడా ఒకటి ఉంటుంది. “ఇది కూడా తీసుకోండి, మంచిదండీ” అని బ్యాంకు ఉద్యోగి అంటారు. ఆ హడావిడిలో చాలామంది చదవకుండానే సంతకం చేస్తారు. మరికొందరు బీమా అంటే డబ్బు దండగ అనుకుని వద్దంటారు. రెండూ ఆలోచించి తీసుకున్న నిర్ణయాలు కావు. వరద వచ్చిన తరువాత, మంట చెలరేగిన తరువాత ఆ కాగితం తీసి చదివితే ప్రయోజనం ఉండదు.

ఒక గృహబీమా పాలసీ కొనదగినదో కాదో ఏ కొలతలతో తేల్చుకోవాలో ఈ పాఠంలో తెలుసుకుందాం. ఇందుకు పెద్ద గణితం అవసరం లేదు. గుణకారం, శాతాలు వస్తే చాలు. ముఖ్యంగా అడగవలసిన ప్రశ్న ఒకటే: ఈ కాగితం ఎవరి నష్టాన్ని, ఏ నష్టాన్ని, ఎంతవరకు భర్తీ చేస్తుంది?

బీమా వెనుక ఉన్న సూత్రం

ఒక ఊరిలో ఒకేలాంటి వెయ్యి ఇళ్లు ఉన్నాయనుకోండి. ఏడాదికి సగటున ఒక ఇల్లు కాలిపోతుందని, దాన్ని తిరిగి కట్టడానికి 20 లక్షల రూపాయలు అవుతుందని ఊహిద్దాం. ఎవరి ఇల్లు కాలుతుందో ముందుగా ఎవరికీ తెలియదు. ప్రతి కుటుంబమూ ఏడాదికి 2,000 రూపాయలు వేస్తే 20 లక్షల నిధి సమకూరుతుంది. ఇల్లు కోల్పోయిన కుటుంబం దానితో మళ్లీ కట్టుకుంటుంది. ఈ అంకెలు లెక్క కోసం తీసుకున్నవే గాని, సూత్రం మాత్రం ఇదే. ఒకరు మోయలేని నష్టాన్ని పదిమంది పంచుకోవడమే బీమా.

నిజంగా బీమా కంపెనీ వసూలు చేసే ప్రీమియంలో నష్టాల వాటాతో పాటు సిబ్బంది జీతాలు, ఏజెంటు కమీషను, కంపెనీ లాభం కూడా కలిసి ఉంటాయి. కాబట్టి సగటు లెక్కలో చూస్తే కొనేవారు తాము పొందబోయే దానికంటే కొంచెం ఎక్కువే చెల్లిస్తారు. మరి బీమా ఎందుకు కొనాలి? సగటు అనేది వెయ్యి ఇళ్లకు వర్తిస్తుంది. మనకున్నది ఒక్క ఇల్లే. అది పోతే సగటు మనల్ని ఆదుకోదు. దీనినుంచి మొదటి కొలత వస్తుంది: మన పొదుపుతో భరించలేని నష్టానికి బీమా అవసరం, సులభంగా భరించగల నష్టానికి అవసరం లేదు. ఒక మిక్సీ పాడైతే మళ్లీ కొనుక్కోగలం. గోడలూ కప్పూ పోతే, దానికితోడు ఇరవై ఏళ్ల అప్పు మిగిలి ఉంటే, మధ్యతరగతి కుటుంబం తిరిగి లేవడం కష్టం.

అగ్నిబీమా చరిత్ర కూడా ఇటువంటి దెబ్బతోనే మొదలైంది. 1666లో లండన్ నగరంలో జరిగిన మహా అగ్నిప్రమాదంలో సుమారు 13,200 ఇళ్లు కాలిపోయాయి. ఆ అనుభవం తరువాతనే అక్కడ ఇళ్లకు అగ్నిబీమా వ్యాపారం పుట్టింది. మన దేశంలో 1850లో కలకత్తాలో స్థాపించిన ట్రైటన్ కంపెనీతో సాధారణ బీమా ప్రారంభమైంది. 1973 జనవరి 1 నుంచి ఈ రంగం జాతీయమైంది. 1999 నాటి చట్టంతో నియంత్రణ సంస్థ ఏర్పడి, ప్రైవేటు కంపెనీలకు మళ్లీ తలుపులు తెరుచుకున్నాయి. ఐ.ఆర్.డి.ఏ.ఐ. అని మనం పిలిచే ఆ నియంత్రణ సంస్థ ప్రధాన కార్యాలయం 2001 నుంచి మన హైదరాబాదులోనే ఉంది.

ఒకే పేరుతో రెండు వేరు వస్తువులు

బ్యాంకులో ‘ఇంటి బీమా’ అనే మాటతో రెండు వేర్వేరు పాలసీలు చలామణి అవుతుంటాయి. వీటిని కలిపేసుకోవడం వల్లనే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి.

మొదటిది గృహబీమా. ఇది ఇంటికి జరిగే నష్టానికి సంబంధించినది. నిప్పు, వరద, తుపాను, భూకంపం వంటి వాటివల్ల కట్టడానికి, ఇంట్లోని సామానుకు నష్టం జరిగితే ఇది పనికివస్తుంది.

రెండవది గృహఋణ రక్షణ బీమా. ఇది నిజానికి జీవితబీమా. అప్పు తీసుకున్న వ్యక్తి మరణిస్తే మిగిలిన అప్పు తీర్చడానికి ఉద్దేశించినది. ఇల్లు వరదలో మునిగినా ఈ పాలసీ ఒక్క రూపాయి ఇవ్వదు. అదేవిధంగా సంపాదించే మనిషి పోతే గృహబీమా ఏమీ ఇవ్వదు. రెండు ప్రమాదాలూ నిజమైనవే. రెండింటికీ రక్షణ అవసరమే కావచ్చు. అయితే ఒకటి కొని, రెండవది కూడా ఉందని భ్రమపడకూడదు.

ఈ రెండింటినీ కలిపి ఒకే ప్యాకేజీగా అమ్మడం కూడా ఉన్నది. అప్పుడు దేనికెంత ప్రీమియమో విడివిడిగా రాసి ఇవ్వమని అడగాలి. మొత్తం ఒకే అంకెగా చెబితే పోల్చి చూడడం సాధ్యం కాదు.

బ్యాంకు పాత్ర ఏమిటి?

బ్యాంకు బీమా కంపెనీ కాదు. బీమా కంపెనీ తరఫున పాలసీలు అమ్మే కార్పొరేట్ ఏజెంటు మాత్రమే. 2022లో సవరించిన నిబంధనల ప్రకారం ఒక బ్యాంకు సాధారణ బీమా విభాగంలో తొమ్మిది కంపెనీల వరకు ప్రాతినిధ్యం వహించవచ్చు. అమ్మిన ప్రతి పాలసీపై బ్యాంకుకు కమీషను వస్తుంది. ఇందులో తప్పేమీ లేదు. అయితే సలహా ఇచ్చేవారికి ఆ అమ్మకంలో ఆదాయం కూడా ఉందని మనం గుర్తుంచుకోవాలి. రేపు నష్టం జరిగితే క్లెయిము తేల్చేది బీమా కంపెనీయే గాని బ్యాంకు కాదు.

బ్యాంకుకు మరొక ప్రయోజనం కూడా ఉంది. ఇల్లు తనఖాలో ఉన్నంతకాలం అది బ్యాంకు అప్పుకు హామీ. ఇల్లు పాడైతే హామీ విలువ తగ్గుతుంది. అందుకే చాలా ఋణ ఒప్పందాల్లో ఇంటికి బీమా ఉండాలన్న షరతు ఉంటుంది. ఇటువంటి పాలసీలలో బ్యాంకు పేరు కూడా నమోదై ఉంటుంది. పెద్ద నష్టం జరిగినప్పుడు క్లెయిము డబ్బు ముందుగా బ్యాంకుకు చేరి అప్పు ఖాతాలో జమ కావచ్చు. అప్పు తీర్చగా మిగిలినది ఇంటి యజమానికి వస్తుంది. కాబట్టి బీమా మొత్తం అప్పు వరకే ఉంటే బ్యాంకు సురక్షితంగా ఉంటుంది. మన వాటా పరిస్థితి ఏమిటన్నది వేరే ప్రశ్న.

ఇక, “ఈ పాలసీ తీసుకుంటేనే ఋణం మంజూరవుతుందండీ” అని ఎవరైనా అంటే ఏం చేయాలి? ఇంటికి బీమా తప్పనిసరి అని చెప్పే చట్టమేదీ లేదు. ఒప్పందంలో బీమా ఉండాలన్న షరతు ఉన్నా, దాన్ని ఏ కంపెనీ వద్దనైనా కొని ఆ షరతును నెరవేర్చవచ్చు. బ్యాంకు తన సేవలకూ బీమా కొనుగోలుకూ ముడిపెట్టకూడదని, ఫలానా కంపెనీ పాలసీనే కొనమని బలవంతపెట్టకూడదని రిజర్వు బ్యాంకు నిబంధనలు చెబుతున్నాయి. 2014లో రిజర్వు బ్యాంకు ప్రకటించిన ఖాతాదారుల హక్కుల పత్రంలోని ఐదు హక్కులలో ఒకటి, ఖాతాదారు అవసరాలకు తగిన వస్తువునే అమ్మాలన్నది. ఆ మాట రాతపూర్వకంగా ఇవ్వమని మర్యాదగా అడిగితే చాలాసార్లు ఒత్తిడి తగ్గుతుంది.

అంతమాత్రాన బ్యాంకు పాలసీ చెడ్డదని ముందే అనుకోనవసరం లేదు. ఒక బ్యాంకు తన ఖాతాదారులందరి తరఫున బృంద పాలసీ తీసుకుంటే ధర తగ్గే అవకాశం ఉంది. కాగితాల పనీ సులభమవుతుంది. కావలసినది కొలిచి చూడడమే.

కొలబద్ద: భారత్ గృహ రక్ష

కొలవాలంటే కొలబద్ద కావాలి. అదృష్టవశాత్తు మనకు ఒకటి ఉన్నది. 2021 ఏప్రిల్ 1 నుంచి, ఇళ్లకు అగ్నిబీమా అమ్మే ప్రతి సాధారణ బీమా కంపెనీ ‘భారత్ గృహ రక్ష’ అనే ప్రామాణిక పాలసీని తప్పనిసరిగా అందించాలని ఐ.ఆర్.డి.ఏ.ఐ. ఆదేశించింది. కంపెనీ ఏదైనా ఇందులోని మౌలిక నిబంధనలు ఒకటే. బ్యాంకు చూపే పాలసీని దీని పక్కన పెట్టి చదివితే ఎక్కువ తక్కువలు వెంటనే కనబడతాయి.

ఇందులో వర్తించే ప్రమాదాలు ఇవి: అగ్నిప్రమాదం, పేలుడు, పిడుగు, భూకంపం, తుపాను, సునామీ, వరద ముంపు, నేల కుంగడం, కొండచరియలు విరిగిపడడం, అడవి మంటలు, వాహనం లేదా చెట్టు వంటివి వచ్చి ఢీకొనడం, అల్లర్లు, సమ్మెలు, దురుద్దేశంతో చేసిన విధ్వంసం, ఉగ్రవాద చర్య, నీళ్ల ట్యాంకులూ గొట్టాలూ పగిలి పొంగడం. ఇలాంటి ఘటన వల్ల ఇల్లు తెరిచి ఉండిపోయి, ఏడు రోజులలోపు దొంగతనం జరిగితే అది కూడా వర్తిస్తుంది.

మరికొన్ని సౌకర్యాలు ఉన్నాయి. ఇంటికీ, సామానుకూ కలిపి బీమా చేయించినప్పుడు, కట్టడం బీమా మొత్తంలో 20 శాతం వరకు, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల వరకు, సాధారణ గృహోపకరణాలకు జాబితా ఇవ్వకుండానే రక్షణ లభిస్తుంది. అంతకుమించి కావాలంటే వివరాలు ఇచ్చి పెంచుకోవచ్చు. నగలు, కళాఖండాల వంటి విలువైన వస్తువులకు మాత్రం విడిగా రక్షణ ఎంచుకోవాలి. శిథిలాల తొలగింపుకు క్లెయిములో 2 శాతం వరకు, ఆర్కిటెక్టు, సర్వేయరు, ఇంజనీరు ఫీజులకు 5 శాతం వరకు ఇస్తారు. పాలసీని పదేళ్ల వరకు తీసుకోవచ్చు. ఒక సంవత్సరానికి మించిన పాలసీలలో బీమా మొత్తం ఏటా 10 శాతం చొప్పున దానంతటదే పెరుగుతుంది.

అద్దె ఇంట్లో ఉండేవారు కట్టడాన్ని వదిలి సామానుకు మాత్రమే పాలసీ తీసుకోవచ్చు.

ఎంత మొత్తానికి బీమా చేయాలి?

చాలామంది తడబడే చోటు ఇది. ఒక ఉదాహరణ చూద్దాం. విజయవాడలో ఒక కుటుంబం 60 లక్షలకు అపార్ట్‌మెంటులో ఇల్లు కొన్నదనుకోండి. బ్యాంకు అప్పు 45 లక్షలు. కార్పెట్ ఏరియా, అంటే గోడల లోపల మనం వాడుకునే నేల వైశాల్యం, 1,000 చదరపు అడుగులు. అటువంటి కట్టడాన్ని తిరిగి కట్టడానికి చదరపు అడుగుకు 2,000 రూపాయలు అవుతుందని అనుకుందాం.

ఇప్పుడు మన ముందు మూడు అంకెలు ఉన్నాయి: కొన్న ధర 60 లక్షలు, అప్పు 45 లక్షలు, తిరిగి కట్టే ఖర్చు 1,000 × 2,000 = 20 లక్షలు. బీమా మొత్తం వీటిలో ఏది కావాలి?

సరైన జవాబు 20 లక్షలు. కొన్న ధరలో స్థలం విలువ, ఆ ప్రాంతపు గిరాకీ కలిసి ఉంటాయి. స్థలం కాలిపోదు. భారత్ గృహ రక్షలో కూడా కార్పెట్ ఏరియాను నిర్మాణ వ్యయంతో గుణించి బీమా మొత్తం నిర్ణయిస్తారు. బీమా అనేది జరిగిన నష్టాన్ని పూడ్చడానికే గాని లాభం సంపాదించడానికి కాదు. కాబట్టి 45 లక్షలకు పాలసీ తీసుకున్నా, ఇల్లు మొత్తం కూలినా, కట్టడం కింద అందేది తిరిగి కట్టే ఖర్చు మేరకే. మిగిలిన 25 లక్షలకు కట్టిన ప్రీమియం వృథా. అప్పు మొత్తాన్నే బీమా మొత్తంగా రాసిన కాగితం కనిపిస్తే, ఈ గుణకారం చేసి చూడండి.

తక్కువకు చేయిస్తే? పాత పాలసీలలో ‘సరాసరి’ నియమం ఉండేది. 20 లక్షల ఇంటిని 10 లక్షలకే బీమా చేయించి, 4 లక్షల నష్టం జరిగితే, సగానికే బీమా చేశారు గనుక సగమే, అంటే 2 లక్షలే ఇచ్చేవారు. భారత్ గృహ రక్షలో ఈ కోతను పూర్తిగా తొలగించారు. 4 లక్షల నష్టానికి 4 లక్షలూ వస్తాయి. అయినా ఇల్లు మొత్తం పోతే 10 లక్షలకు మించి రావు. పైగా వైశాల్యాన్ని కావాలని తగ్గించి చెబితే క్లెయిము చిక్కుల్లో పడుతుంది. ఉన్నది ఉన్నట్టు రాయడమే మేలు.

సామాను సంగతి

2014 అక్టోబరు 12న విశాఖపట్నాన్ని తాకిన హుద్‌హుద్ తుపాను, 2020 అక్టోబరులో హైదరాబాదు కాలనీలను ముంచిన వర్షాలు, 2024 సెప్టెంబరు మొదటివారంలో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం రోజుల తరబడి నీళ్లలో ఉండడం మనకు గుర్తున్నవే. ముఖ్యంగా నగర వరదలలో ఒక విషయం గమనించాలి. కాంక్రీటు గోడలు సాధారణంగా నిలిచే ఉంటాయి. పోయేది లోపలి సామాను.

పై ఉదాహరణలోని ఇల్లు కింది అంతస్తులో ఉండి, మూడు అడుగుల నీరు నాలుగు రోజులు నిలిచిందనుకుందాం. రంగులు, వైరింగు, తలుపుల మరమ్మతుకు 60,000 రూపాయలు అయింది. ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, మంచాలు, పరుపులు, బీరువాలోని బట్టలు, కంప్యూటరు కలిపి రెండున్నర లక్షలు పోయింది. పాలసీ కట్టడానికి మాత్రమే ఉంటే వచ్చేది 60,000 లోపే. సామానుకు కూడా ఉంటే, కట్టడం 20 లక్షలలో 20 శాతం అంటే 4 లక్షల వరకు రక్షణ ఉంటుంది గనుక, సామాను నష్టం కూడా దాని పరిధిలోకి వస్తుంది.

బ్యాంకు హామీగా పెట్టుకున్నది కట్టడాన్నే. మంచం, ఫ్రిజ్ బ్యాంకుకు తనఖా లేవు. అందువల్ల అప్పుతో పాటు ఇచ్చే పాలసీ కట్టడానికే పరిమితం అయ్యే అవకాశం ఉంది. పాలసీ షెడ్యూలులో ‘కంటెంట్స్’ అన్న వరుస ఉందా, దాని ఎదురుగా ఎంత మొత్తం ఉంది అన్నది తప్పక చూడాలి. పాత వస్తువుకు అరుగుదల తగ్గించి ఇస్తారా, కొత్తదాని ధర ఇస్తారా అని కూడా అడగాలి.

ధర ఎలా పోల్చాలి?

ఒకప్పుడు అగ్నిబీమా రేట్లను ఒక సలహా సంఘం నిర్ణయించేది. ఏ కంపెనీకి వెళ్లినా ధర ఒకటే. 2007 జనవరి 1 నుంచి ఆ పద్ధతి తొలగిపోయింది. ఇప్పుడు ఒకే ఇంటికి వేర్వేరు కంపెనీలు వేర్వేరు ధరలు చెబుతాయి. కాబట్టి బ్యాంకు చెప్పిన ధరతో పాటు మరో రెండు కంపెనీల ధరలు కనుక్కోవాలి. పోల్చేటప్పుడు బీమా మొత్తం, కాలపరిమితి, సామాను రక్షణ మూడింటిలోనూ ఒకేలా ఉండాలి. పదేళ్ల ప్రీమియాన్ని ఒక ఏడాది ప్రీమియంతో పోల్చకూడదు. పదితో భాగించి చూడాలి. గృహబీమా ప్రీమియంపై 18 శాతం జి.ఎస్.టి. ఉంటుంది. 2025 సెప్టెంబరులో పన్ను మినహాయింపు వచ్చింది వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమాలకే.

గృహఋణ రక్షణ పాలసీలలో మరొక సంగతి చూడాలి. మొత్తం ప్రీమియాన్ని ఒకేసారి తీసుకుని, దాన్ని అప్పులోనే కలిపివేయడం వాడుకలో ఉంది. చేతినుంచి డబ్బు పడలేదు గనుక భారం తెలియదు. లెక్క చూద్దాం. 50,000 రూపాయల ప్రీమియాన్ని 9 శాతం వడ్డీతో 20 ఏళ్ల అప్పులో కలిపితే నెలవాయిదా సుమారు 450 రూపాయలు పెరుగుతుంది. 240 నెలలకు అది దాదాపు 1,08,000 రూపాయలు. యాభై వేల వస్తువుకు లక్షా ఎనిమిది వేలు! అదే రక్షణకు విడిగా టర్మ్ పాలసీ తీసుకుంటే ఏడాదికి ఎంత అవుతుందో కనుక్కొని పోల్చాలి. అప్పుతో పాటు రక్షణ మొత్తం ఏటా తగ్గుతుందా, చివరిదాకా ఒకేలా ఉంటుందా అన్నది కూడా ముఖ్యం. తగ్గేదానికీ తగ్గనిదానికీ ఒకే ధర న్యాయం కాదు.

అప్పు ముందే తీర్చివేసినా, మరో బ్యాంకుకు మార్చుకున్నా పాలసీ కొనసాగుతుందా అని అడగండి. బ్యాంకు పేరుమీద ఉన్న బృంద పాలసీలో ఖాతాదారుకు దక్కేది ఒక ధ్రువపత్రమే. అప్పు తీరిన నాడే రక్షణ ముగిసిపోతే, ఆ సంగతి తెలియని కుటుంబం బీమా ఉందనుకుంటూనే బీమా లేకుండా ఉండిపోతుంది.

ఏవి వర్తించవు?

పాలసీలో అందరికంటే తక్కువగా చదివే పేజీ మినహాయింపుల పేజీ. కాలక్రమాన వచ్చే అరుగుదల, పాతబడటం, నాసిరకం నిర్మాణం వల్ల వచ్చే లోపం, ఏళ్ల తరబడి ఊరే తేమ బీమా పరిధిలోకి రావు. యుద్ధం, అణు ప్రమాదం, యజమాని కావాలని చేసిన నష్టం రావు. ఇంటి ముందు నిలిపిన స్కూటరు, కారు దీని కిందకు రావు. వాటికి మోటారు బీమా వేరే ఉండాలి. అన్నింటికంటే ఎక్కువమంది అపోహపడేది దొంగతనం విషయంలో. ఊరికి వెళ్లినప్పుడు తాళం పగలగొట్టి దొంగలు దోచుకుంటే ప్రామాణిక గృహబీమా దాన్ని భర్తీ చేయదు. అందుకు విడిగా దొంగతనాల బీమా జతచేసుకోవాలి.

క్లెయిము రోజున

పాలసీ నాణ్యత తేలేది నష్టం జరిగిన రోజునే. ఆ రోజు కోసం ముందే కొన్ని పనులు చేసి ఉంచాలి. ఇంట్లోని ముఖ్యమైన వస్తువుల ఫోటోలు, కొనుగోలు రశీదులు, పాలసీ కాపీ ఒక చోట దాచి, వాటి నకలు ఇంటికి దూరంగా, బంధువుల వద్దనో ఫోనులోనో ఉంచాలి. బీరువాలో పెట్టిన పాలసీ బీరువాతో పాటే మునిగిపోతుంది కదా!

నష్టం జరిగిన వెంటనే బీమా కంపెనీకి తెలియజేయాలి. బ్యాంకుకు చెబితే సరిపోతుందని అనుకోకూడదు. పాడైన వస్తువులను సర్వేయరు చూడకముందే పారవేయకండి. తప్పనిసరైతే ముందు ఫోటోలు తీయండి. 2024లో ఐ.ఆర్.డి.ఏ.ఐ. జారీ చేసిన నిబంధనల ప్రకారం సర్వేయరును 24 గంటల్లో నియమించాలి. నివేదిక 15 రోజుల్లో రావాలి. అది అందిన 7 రోజుల్లో కంపెనీ తన నిర్ణయం చెప్పాలి.

నిర్ణయం న్యాయంగా లేదనిపిస్తే ముందుగా కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. నెలలోపు జవాబు రాకపోయినా, వచ్చినది తృప్తికరంగా లేకపోయినా బీమా అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. ఫీజు లేదు, వకీలు అవసరం లేదు. 50 లక్షల రూపాయల వరకు పరిహారం ఇప్పించే అధికారం అంబుడ్స్‌మన్‌కు ఉంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు సంబంధించిన కార్యాలయం హైదరాబాదులో ఉంది. పాలసీ అంటగట్టిన తీరు మీద ఫిర్యాదైతే ముందు బ్యాంకుకు, ఆ తరువాత రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు చెప్పుకోవాలి.

సంతకం చేశాక వద్దనిపిస్తే? జీవిత బీమా పాలసీలకు, కాగితం చేతికందిన నాటినుంచి 30 రోజుల పరిశీలన గడువు ఉంటుంది. ఆ గడువులోపల రద్దు చేసుకోవచ్చు. గృహబీమాను కూడా మధ్యలో రద్దు చేసుకుని, నిబంధనల మేరకు మిగిలిన కాలానికి ప్రీమియం తిరిగి అడగవచ్చు. తనఖా ఉన్నప్పుడు మాత్రం మరో పాలసీ చేతికి వచ్చాకనే పాతది రద్దు చేయాలి.

తేల్చి చెప్పాలంటే

ఇంటికి బీమా అవసరమా, బ్యాంకు చూపిన కాగితం మంచిదా అన్నవి రెండు వేర్వేరు ప్రశ్నలు. అప్పుమీద ఇల్లు కొన్న కుటుంబానికి, అందులోనూ తుపాను తీరంలోనో, వాగుల పక్కనో, నగరపు పల్లంలోనో ఉన్నవారికి, మొదటి ప్రశ్నకు జవాబు చాలావరకు అవుననే. ఇంటి విలువతో పోలిస్తే ప్రీమియం చిన్నది, నష్టం వస్తే పెద్దది. రెండవ ప్రశ్నకు జవాబు ఈ ఐదు పరీక్షల మీద ఆధారపడి ఉంటుంది.

1. ఇది ఇంటికి బీమాయా, మనిషి ప్రాణానికి బీమాయా?
2. బీమా మొత్తం తిరిగి కట్టే ఖర్చుకు సరిపోతుందా, లేక అప్పు అంకెనే దించి రాశారా?
3. సామానుకు రక్షణ ఉందా?
4. అదే రక్షణకు మరో రెండు కంపెనీలు ఎంత అడుగుతున్నాయి? ప్రీమియాన్ని అప్పులో కలిపారా?
5. అప్పు తీరిన తరువాత, బ్యాంకు మారిన తరువాత పాలసీ ఏమవుతుంది?

ఐదింటికీ సరైన జవాబులు వస్తే, అమ్మినది బ్యాంకు అయినా నిశ్చింతగా కొనవచ్చు. రాకపోతే బీమాను మానుకోనవసరం లేదు, మరో చోట కొనాలి.

మీలో చాలామంది ఇళ్లలో ఈ ఇంగ్లీషు కాగితాలను ఓపికగా చదవగలిగినవారు మీరే కావచ్చు. ఈ ఆదివారం నాన్నగారినో, అమ్మగారినో అడిగి ఇంటి ఋణం కాగితాలు బయటికి తీయించండి. పాలసీ ఉంటే షెడ్యూలు చదివి పై ఐదు ప్రశ్నలకు జవాబులు రాసి వారికి చూపండి.

అభ్యాసం

1. మీ ఇంటి కార్పెట్ ఏరియా కొలిచి, మీ ఊరి మేస్త్రీని అడిగి తెలుసుకున్న నిర్మాణ వ్యయంతో గుణించి సరైన బీమా మొత్తం కనుక్కోండి.
2. మూడు అడుగుల నీరు మీ ఇంట్లోకి వస్తే పాడయ్యే వస్తువుల జాబితా, వాటి విలువ రాయండి. అది కట్టడం బీమా మొత్తంలో 20 శాతానికి లోబడి ఉందా?
3. 80,000 రూపాయల ప్రీమియాన్ని 9 శాతం వడ్డీతో 20 ఏళ్ల అప్పులో కలిపితే మొత్తం ఎంత చెల్లించవలసి వస్తుందో పై ఉదాహరణ ఆధారంగా లెక్కించండి.